మూడు పాటల తర్వాత

ఆ వానాకాలం మా అన్నయ్య గిటారు వాయించిన పదకొండు షోలకీ వెళ్లాను. ఒక్కటి కూడా పూర్తిగా వినలేదు. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అన్నయ్యకి అసలే చెప్పలేదు.

మా ఊళ్లో ఆ షోలు జరిగే రేకుల హాలు ఒకప్పుడు సరుకుల గిడ్డంగి. నూటయాభై కుర్చీలు, చెక్కబల్లలు కలిపి కొట్టిన వేదిక, దాని మీద అటొకటి ఇటొకటి పసుప్పచ్చ దీపాలు, అంతే. వాన పెద్దదైతే రేకుల మోతకి మైకు కూడా చాలేది కాదు. అప్పుడు వాయించేవాళ్లు ఆపేసి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లు, జనం నవ్వుకుంటూ టీ తాగేవాళ్లు. వాన తగ్గాక ఆపిన చోటి నుంచే మళ్లీ మొదలు. శనివారం సాయంత్రం ఆరింటికి మొదలైతే ఎనిమిది లోపు ఇంటికి వెళ్లిపోవచ్చు.

అక్కడ ఫోటోలు తీసేవాళ్లకి ఒక కట్టడి ఉంది. మొదటి మూడు పాటలే తియ్యాలి. ఫ్లాష్ వెయ్యకూడదు. ముందు వరసకి అడ్డం రాకుండా వంగి నడవాలి. మూడో పాటకి చప్పట్లు ఆగేసరికి కెమెరా సంచిలో ఉండాలి. కెమెరా తన మీద ఉన్నంతసేపూ మనిషి బిగుసుకునే వాయిస్తాడనీ, అసలు పాట నాలుగోదాంతోనే మొదలవుతుందనీ హాలు మేనేజరు చెప్పేవాడు. నేను అందులో సగమే విన్నాను. కెమెరా సంచిలో పెట్టమన్నది విన్నాను, అసలు పాట సంగతి వినలేదు.

పగలు నా పని ఒక స్టూడియోలో గుర్తింపు కార్డుల ఫోటోలు తియ్యడం. కళ్లజోడు తియ్యండి, గడ్డం కొంచెం పైకి, నవ్వకండి. రోజుకి ముప్ఫై మందికి ఇదే పాఠం. వచ్చినవాళ్లకి ఒకటే కోరిక, దొంగలా పడకూడదని. పన్నెండేళ్లు ఆ తెల్లగోడ ముందు నిలబడి విసిగిపోయాక ఆ ఏడు మొదటిసారి నా మొహానికి ఒక మంచి కెమెరా, ఒక మంచి చోటు, అందులోనూ మా అన్నయ్య దొరికాడు. తలకెక్కింది. ఒప్పుకుంటున్నాను.

అన్నయ్యది గడియారాల రిపేరు దుకాణం. ఎడమ మోచెయ్యి బల్ల అంచుకి ఆనించి, కంటికి భూతద్దం తగిలించుకుని పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చుంటాడు. ఇంటికొచ్చి గిటారు పట్టుకుంటాడు. ఇరవై ఏళ్లుగా ఇంట్లోనే వాయించాడు. సొంత బాణీలు, మాటలు లేని పాటలు. వినడానికి వదిన, నేను, మేడమీద అద్దెకుండే ముసలాయన. ఆ ఏడాది ఎవరో చెబితే మేనేజరు వచ్చి విని, వానాకాలమంతా ప్రతి శనివారం నీదే అన్నాడు. నలభై నాలుగేళ్ల మనిషి ఆ రోజు హాలు బయట నల్లబల్ల మీద సుద్దతో రాసిన తన పేరు చూసుకోవడానికి మూడుసార్లు వెళ్లొచ్చాడు. మూడోసారి గొడుగు మర్చిపోయానని వంక. గొడుగు చేతిలోనే ఉంది.

"ఇది నిలబడితే చాలే. వచ్చే ఏడు కూడా పిలుస్తానన్నాడు. ఇంకేం అడగను" అన్నాడు నాతో.

మొదటి షోకి వదిన కూడా వచ్చింది. తర్వాత శనివారాలు దుకాణం ఆవిడే చూసుకునేది కాబట్టి నేనొక్కదాన్నే వెళ్లేదాన్ని. నా పద్ధతి ఇదీ. మూడు పాటలు వేదిక ముందు వంగుతూ లేస్తూ తీసేదాన్ని. ఆ తర్వాత సంచి భుజాన వేసుకుని వెనక తలుపు తోసుకుని మెట్ల మీదికి వెళ్లి కూర్చునేదాన్ని. తీసిన రెండు మూడు వందల బొమ్మలూ కెమెరా వెనక ఉన్న చిన్న తెర మీద ఒక్కొక్కటే చూసుకుంటూ, పనికిరానివి తుడిచేసేదాన్ని. అక్కడికి పాట వినబడేది కాదు, గోడ వణికినట్టు ఏదో తెలిసేది, అంతే. చివరి చప్పట్లు వినగానే లోపలికి వచ్చి, అప్పటిదాకా అక్కడే ఉన్నదానిలా వెనక వరసలో నిలబడేదాన్ని.

"ఎలా ఉందే?" అనేవాడు అన్నయ్య చెమట తుడుచుకుంటూ.

"అదిరింది."

"నాలుగోది?"

"అదే అన్నిటికంటే బావుంది."

ఎప్పుడూ నాలుగోదే అడిగేవాడు. తనకి బాగా ఇష్టమైన బాణీ నాలుగోదిగా పెట్టుకునేవాడు, కెమెరాలన్నీ వెళ్లిపోయాక. నేనూ ఎప్పుడూ అదే జవాబు చెప్పేదాన్ని. చిన్న అబద్ధం, వారానికి ఒకటి.

అయిదో వారం తీసిన ఫోటోతో నాకు కొమ్ములు మొలిచాయి. పక్క దీపం వెలుగులో అన్నయ్య ఎడమ చెయ్యి గిటారు మెడ మీద. మూడు వేళ్లు తీగల మీద వంగి ఉన్నాయి, చిటికెన వేలు మాత్రం పక్కకి విడిపోయి గాల్లో నిలబడి ఉంది. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య గుంటలో నీడ చక్కగా పడింది. చేతికి అంత లోతు, అంత ఒంపు నేనెప్పుడూ తియ్యలేదు. మేనేజరు చూసి, "ఇది గుమ్మంలో పెద్దది చేసి పెడదాం. చివరి షోకి పది వారాలవీ పది ఫోటోలు వసారాలో వరసగా కడదాం. నీ పేరుతోనే" అన్నాడు.

నా పేరుతో. గుర్తింపు కార్డుల వెనక ఎవరి పేరూ ఉండదు.

ఇంటికొచ్చి అన్నయ్యకి చూపించాను. భూతద్దం తెచ్చుకుని మరీ చూశాడు.

"ఈ చిటికెన వేలేంటే ఇలా పక్కకి పోయింది?"

"పోనీ. ఎంత బావుందో చూడు."

"నేను పెట్టడం లేదు. అదే పోతోంది. ఈ మధ్య దగ్గరికి లాగితే రావట్లేదు."

"లాగకు మరి. అలాగే వదిలెయ్. చూసేవాళ్లకి అదొక స్టైలు. నీ గుర్తు అనుకో."

"స్టైలంటావా?"

"నా మాట నమ్ము. పన్నెండేళ్ల నుంచి జనాన్ని చూస్తున్నాను."

కొంచెంసేపు చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. మొహంలో ఏదో బరువు దిగినట్టనిపించింది. అది నా ఫోటో మెచ్చుకోవడం అనుకున్నాను. ఇప్పుడు తెలుస్తోంది, ఆయనకి లోపల అప్పటికే భయం మొదలైంది, నేనొక మంచి వంక చేతికిచ్చాను. ఆ రాత్రి నుంచి వేలిని లాగడం మానేశాడు.

వదిన అలా మోసపోయే మనిషి కాదు. ఎనిమిదో షో అయ్యాక ఒక పొద్దున నేను స్టూడియోకి బయల్దేరుతుంటే వీధి గుమ్మంలో ఆపింది. చేతిలో అన్నయ్య చొక్కా ఉంది.

"ఇలా రా, నీతో మాటుంది. మీ అన్నయ్యకి గుండీలు రావట్లేదు, నీకు తెలుసా? నన్ను పెట్టమనడానికి సిగ్గు. గుండీలు ముందే పెట్టేసి మెళ్లోంచి తొడుక్కుంటున్నాడు. నిన్న దుకాణం తాళం ఎడమ చేత్తో తిప్పలేక కుడి చేతికి మార్చుకున్నాడు. గ్లాసు రెండుసార్లు జారిపోయింది."

"నిద్రలో చెయ్యి కింద పడేసుకుని ఉంటాడు, వదినా."

"రోజూనా?"

నేను సంచి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాను.

"నేను చెబితే నస అంటాడు. నీ మాటైతే వింటాడు. డాక్టరుకి చూపించుకోమని ఒక్కసారి చెప్పు. శనివారంలోగా చెప్పు."

"డాక్టరు గిటారు ముట్టుకోవద్దంటే? ఇంకో మూడు వారాలేగా వదినా. ఆ ఫోటోలు గోడకెక్కగానే నేనే రెక్క పట్టుకుని తీసుకెళ్తాను."

వదిన నా మొహంలోకి చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ తగులుతూనే ఉంటుంది.

"నేను చెయ్యి గురించి చెబుతుంటే నువ్వు ఫోటోల గురించి చెబుతున్నావే" అంది. కోపంగా కాదు. చొక్కా మడత పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

నేను పెడచెవిన పెట్టాను. ఇంతకంటే మర్యాదైన మాట ఏదీ దొరకలేదు నాకు. పది ఫోటోల్లో ఎనిమిది వచ్చాయి, ఇంకా రెండు రావాలి. ఆయన వాయించడం మానేస్తే వరస తెగుతుంది. ఆ పూట నా బుర్రలో ఉన్న లెక్క అంతే.

ఆ శనివారమే హాల్లో సౌండు చూసేవాడు మెట్ల మీదికి వచ్చాడు. చెవులు పెద్దవి, పని కూడా చెవులతోనే, అందుకని అందరూ చెవులాయన అనేవాళ్లం. సిగరెట్టు కోసం వచ్చి నన్ను చూసి ఆగాడు.

"నువ్వు ప్రతి వారం ఇక్కడే కూర్చుంటావా? మీ అన్న లోపల వాయిస్తుంటే?"

"ఫోటోలు ఏరుకోవాలి."

"మీ అన్న నాలుగో పాట నుంచి వేళ్లు మార్చేస్తున్నాడు. కింద తీగ దగ్గర చిటికెన వేలితో పట్టాల్సినవి వదిలేసి, ఇంకెక్కడి నుంచో తిప్పుకొస్తున్నాడు. తెలివిగా చేస్తున్నాడులే, జనానికి తెలీదు. చెయ్యేమైనా నొప్పా?"

"ఆ గుమ్మంలో ఫోటో చూడలేదా? ఆ వేలు ఆయన స్టైలు" అన్నాను.

అనేశాను. అబద్ధం మొదట చెప్పింది నేనే కదా, అప్పటికి దాన్ని నేనే నమ్మేశాను.

పదకొండో షో నాడు పొద్దున్నించీ ముసురు. వసారాలో పది ఫోటోలు వరసగా కట్టారు, ఒక్కొక్కదాని కింద తేదీ, చివర నా పేరు. జనం గొడుగులు మూసుకుంటూ ఆగి చూస్తున్నారు. స్టూడియో యజమాని కూడా వచ్చాడు, "మన తెల్లగోడ ఇంక నీకేం ఆనుతుందిలే" అన్నాడు. నేను గాల్లో తేలుతున్నాను. అన్నయ్య మాత్రం ఆ ఫోటోల ముందు చాలాసేపు నిలబడ్డాడు. మొదటి దాని దగ్గర్నుంచి పదో దాని దాకా మెల్లిగా నడిచి, మళ్లీ మొదటి దాని దగ్గరికి వెళ్లాడు. నేను వెళ్లి భుజం తట్టాను.

"ఎలా ఉన్నాయి?"

"చాలా బాగా తీశావే" అన్నాడు. ఎడమ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

మూడు పాటలయ్యాయి. నేను మెట్ల మీదికి వెళ్లాను. పది బొమ్మలు చూశానో లేదో, గోడ వణకడం ఆగింది. వాన పెద్దదయిందేమో, ఆపి ఉంటారనుకున్నాను. తల పైకెత్తి చూస్తే తుంపర కూడా లేదు. చెవులాయన తలుపు తీసి, "లోపలికి రా" అన్నాడు.

వెళ్లేసరికి అన్నయ్య మైకు దగ్గరికి వంగి నవ్వుతూ చెబుతున్నాడు. "క్షమించాలి, తీగ తెగింది. ఇవాళ్టికి ఇంతే. ఇన్ని వారాలు వానలో తడిసి వచ్చారు, చాలా సంతోషం."

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తీగ తెగినందుకు జాలిపడ్డారు కూడా. నేను అలవాటు కొద్దీ కెమెరా తీసి దూరం చూసే లెన్స్‌లోంచి చూశాను. ఆరు తీగలూ ఉన్నాయి. బిగువుగా, మెరుస్తూ, ఆరూ ఉన్నాయి. నేను నొక్కలేదు. కెమెరా దించేశాను.

సోమవారం ముగ్గురం డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన అన్నయ్య ఎడమ చేతి బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఒక కాగితం పెట్టి, "గట్టిగా పట్టుకోండి" అన్నాడు. రెండు వేళ్లతో మెల్లిగా లాగాడు. కాగితం వచ్చేసింది. మళ్లీ పెట్టాడు, అన్నయ్య పళ్లు బిగించి పట్టుకున్నాడు. మళ్లీ వచ్చేసింది. ఇరవై ఏళ్లు తీగలు నొక్కిన చెయ్యి ఒక కాగితాన్ని ఆపలేకపోయింది.

మోచేతి దగ్గర నరం నలిగిపోతోందట. పగలంతా బల్ల అంచు మీద, సాయంత్రం గిటారు దగ్గర మడత పెట్టిన మోచెయ్యి. "ఎప్పట్నించి ఇలా ఉంది?" అని అడిగాడు.

"రెండు మూడు వారాలండీ" అన్నాడు అన్నయ్య.

"రెండు నెలలు కావస్తోంది" అంది వదిన. తర్వాత నా వైపు తిరగకుండానే, "ఆయనకి ఆ ఫోటోలు చూపించు" అంది.

ఫోను తీసి ఇచ్చాను. ఆయన ఒక్కొక్కటే జరుపుతూ చూశాడు. కింద తేదీలున్నాయి. మొదటి మూడింట్లో వేలు బుద్ధిగా తీగ మీదే ఉంది. నాలుగో వారం కొంచెం విడింది. అయిదో వారం పూర్తిగా పక్కకి నిలబడింది. ఆరు, ఏడు, ఎనిమిది, బొటనవేలి పక్క గుంట లోతవుతూ వచ్చింది. వెలుగు పనితనం అని నేను మురిసిపోయిన నీడ అదే. అక్కడ కండ కరిగిపోతోంది, నేను దీపం ఏ పక్క నుంచి పడితే అది ఇంకా బాగా కనిపిస్తుందా అని మోకాళ్ల మీద పాకుతూ వెతుక్కున్నాను.

"ఎవరు తీశారివి?" అన్నాడు డాక్టరు.

"నేనేనండీ."

"ఇంత శుభ్రంగా వారం వారం ఎవరూ రాసుకుని రారమ్మా. నాలుగో వారంలోనే మొదలైంది చూడండి. ఈ అయిదోది పట్టుకుని అప్పుడే వచ్చి ఉంటే..." అని ఆగి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. "ఆపరేషన్ చేద్దాం. ఇంకా పాడవకుండా ఆగుతుంది. పోయింది ఎంత తిరిగొస్తుందో చెప్పలేను."

గది బయట బల్ల మీద కూర్చున్నాం. అన్నయ్యే నా వీపు మీద చెయ్యి వేశాడు, కుడి చెయ్యి.

"ఏడుపు మొహం పెట్టకు. నువ్వన్నది నిజమే. ఫోటోలో బావుంది."

వదిన ఒక్కసారైనా 'నీకు ముందే చెప్పాను' అంటుందని ఎదురుచూశాను. అనలేదు. ఆస్పత్రి నుంచి తెచ్చాక ఆయన చొక్కాలన్నిటికీ గుండీలు విప్పేసి నొక్కుడు బొత్తాలు కుట్టింది. సూదిలో దారం నేను ఎక్కిస్తానంటే వద్దంది. అప్పుడైనా నాలుగు తిట్టి ఉంటే బావుండేది.

ఆపరేషన్ బాగానే జరిగింది. తిమ్మిరి పోయింది, కండ తిరిగి రాలేదు. మోచేతి కింద చిన్న దిండు పెట్టుకుని గడియారాలు బాగు చేసుకుంటున్నాడు, దానికి కుడి చెయ్యి చాలు. గిటారు పట్టుకుంటే చిటికెన వేలు పక్కనే నిలబడి ఉంటుంది, పిలిచినా రాదు. రెండు నెలలు రోజూ ప్రయత్నించాడు. ఒకరోజు గిటారుని సంచిలో పెట్టి బీరువా పైన పెట్టేశాడు. మేనేజరు మరుసటి ఏడాది శనివారాలకి ఇంకెవరినో పెట్టుకున్నాడు. గుమ్మంలో ఫోటో తీసెయ్యమని నేను అడగబోతే అన్నయ్య ఒప్పుకోలేదు. "ఉండనీ. నీ పేరైనా ఉంది కదా" అన్నాడు.

నేను మళ్లీ హాలుకి కెమెరా తీసుకెళ్లలేదు. అప్పుడప్పుడూ ఊరికే వెళ్తాను. వెనక వరసలో కూర్చుంటాను, నాలుగో పాటకి కదలను. మేనేజరు చెప్పింది నిజమే. అక్కడి నుంచే మనిషి భుజాలు దిగుతాయి, కళ్లు మూసుకుంటాడు. మా అన్నయ్య మొహం అప్పుడెలా ఉండేదో నాకు తెలియదు.

మొన్న మళ్లీ వానలు మొదలయ్యాయి. సాయంత్రం దుకాణంలో అన్నయ్య పక్కన స్టూలు మీద కూర్చున్నాను. బేరాలు లేవు. వాన చూస్తూ కూర్చున్నవాడు ఉన్నట్టుండి భూతద్దం తీసేసి నా వైపు తిరిగాడు.

"ఒకటి అడుగుతాను, నిజం చెబుతావా?"

ఇన్నాళ్లకి అడుగుతున్నాడనుకున్నాను. అడిగితే చెప్పెయ్యాలనే అనుకున్నాను.

"చివరి నాలుగు వారాలు ఆ నాలుగో పాటలో, కింద తీగ మీద పట్టాల్సింది పట్టలేక, పై నుంచి మూడు వేళ్లతో తిప్పుకొచ్చాను. వారమంతా ఇంట్లో తలుపేసుకుని సాధన చేశాను దానికి. వెనక నిలబడి వింటున్నావు కదా. అక్కడ నీకేమైనా తేడా తెలిసిందా?"

కళ్లు మెరుస్తున్నాయి. నల్లబల్ల మీద పేరు చూసుకుని వచ్చిన రోజు ఉన్న మొహం అది.

"లేదు అన్నయ్యా" అన్నాను. "ఏమీ తెలీలేదు."

"నిజంగా?"

"నిజంగా."

"చూశావా మరి" అన్నాడు. "నీకే తెలీలేదంటే, ఇంకెవరికి తెలుస్తుంది?"

నవ్వుకుంటూ భూతద్దం మళ్లీ కంటికి తగిలించుకుని, మోచేతి కింద దిండు సర్దుకుని పనిలో పడ్డాడు.